యోగా ఎట్లా మొదలుపెట్టాలి?



ఈసారి గోడ పత్రికకు ఆరోగ్యం మీద ఒక పాఠం రాయమని తెలుగు మేడం గారు చెప్పారు. నేను యోగా గురించి రాస్తానన్నాను. ఎందుకంటే నేనే దాన్ని తప్పుగా మొదలుపెట్టి పది రోజులు కుంటుకుంటూ తిరిగిన. ఆ తప్పు మీరు చేయొద్దని ఈ పాఠం రాస్తున్నాను.

నేను చేసిన తప్పు

ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు పుస్తకంలో పద్మాసనం బొమ్మ చూసిన. నా పక్క మంచం పిల్ల అట్లనే కాళ్లు మడిచి కూర్చుంది. నాకు రాలేదు. రోషం వచ్చి పాదం పట్టి గుంజి తొడ మీద పెట్టిన. మోకాలిలో చురుక్కుమన్నది. తెల్లారేసరికి వాచింది. ఖోఖో జట్టులో నా పేరు ఉండె. ఆ ఆటకు పోలేకపోయిన. యోగా మనకు రాదు, అది పట్నం వాళ్లదని ఏడ్చిన.

తర్వాత పీఈటీ మేడం కారణం చెప్పారు. మోకాలు మడతబందు కీలు. తలుపు లెక్క ఒక వైపే మడుస్తుంది. చుట్టూ తిరిగేది తుంటి దగ్గరి బంతిగిన్నె కీలు. తుంటి తిరగనప్పుడు కాలు గుంజితే ఆ బలమంతా మోకాలి మీద పడుతుంది. సైన్సులో ఈ కీళ్ల పేర్లు చదివి మార్కులు తెచ్చుకున్న నేనే నా మోకాలి సంగతి తెలుసుకోలేదు!

యోగా అంటే ఏమిటి?

సంస్కృతంలో 'యుజ్' అనే ధాతువు నుంచి యోగ అనే మాట వచ్చింది. కలపడం అని అర్థం. పతంజలి మహర్షి యోగ సూత్రాలు రాశారు. ఆసనం స్థిరంగానూ సుఖంగానూ ఉండాలని ఆయన చెప్పారు. వణుకుతూ, పండ్లు బిగించి చేస్తే అది ఆసనం కాదన్నమాట.

బీకేఎస్ అయ్యంగార్ గారు 1918లో కర్ణాటకలోని బెళ్లూరులో పుట్టారు. చిన్నతనంలో మలేరియా, టైఫాయిడ్, క్షయ వచ్చి బాగా బలహీనపడ్డారు. 1934లో మైసూరులో ఉన్న బావగారు కృష్ణమాచార్య దగ్గర యోగా మొదలుపెట్టారు. అప్పుడు ఆయన వయసు 15 ఏళ్లు, అంటే మన ఈడే. ఒళ్లు బిగుసుకుపోయి మొదట్లో సరిగా వంగలేకపోయేవారు. తర్వాత ప్రపంచమంతా పేరు వచ్చింది. 2014లో 95 ఏళ్ల వయసులో కాలం చేశారు. వంగలేనివారి కోసం దుప్పట్లు, చెక్క దిమ్మలు, తాళ్లు, కుర్చీలు ఆసరాగా పెట్టుకొని చేసే పద్ధతి ఆయన నేర్పారు. కాబట్టి ఆసరా తీసుకోవడం సిగ్గు కాదు.

ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబర్ 11న తీర్మానం చేసింది. 2015 నుంచి ప్రతి ఏటా జూన్ 21న యోగా దినోత్సవం జరుగుతున్నది. 2025లో ఆ పండుగకు ముందురోజు విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం మైదానంలో 20 వేలకు పైగా గిరిజన విద్యార్థులు 108 నిమిషాల పాటు సూర్య నమస్కారాలు చేశారు. వాళ్లు అల్లూరి సీతారామరాజు జిల్లా పిల్లలు. అడవి నుంచి వచ్చిన మనలాంటివాళ్లే. యోగా మనది కాదని నేను అనుకున్నది తప్పని అప్పుడు తెలిసింది. అయితే అది చూసి మొదటి రోజే 108 చేద్దామని దుమకొద్దు. మనం ఒకటితో మొదలుపెడదాం.

మొదలుపెట్టే ముందు

1. కడుపు ఖాళీగా ఉండాలి. పొద్దున కాలకృత్యాలు అయ్యాక, టిఫిన్‌కు ముందు మంచిది. అన్నం తింటే మూడు గంటలు ఆగాలి.
2. వట్టి బండల మీద వద్దు. చాప గానీ మడిచిన దుప్పటి గానీ వేసుకోవాలి. అది జారకుండా చూసుకోవాలి.
3. ముక్కుతోనే శ్వాస. చేతులు పైకి లేపేటప్పుడు పీల్చాలి. కిందికి వంగేటప్పుడు వదలాలి. శ్వాస బిగపట్టొద్దు.

పది నిమిషాల వరుస

1. తాడాసనం: పాదాలు కొంచెం ఎడంగా పెట్టి నిటారుగా నిలబడాలి. చేతులు పైకి లేపి 5 శ్వాసలు.
2. గోడకు వంగడం: గోడకు ఎదురుగా నిలబడి అరచేతులు గోడకు ఆనించాలి. వెనక్కి అడుగులు వేస్తూ నడుము దాకా వంగాలి. మోకాళ్లు కొంచెం మడిచినా ఫరవాలేదు. 5 శ్వాసలు.
3. మార్జాలాసనం: పిల్లి లెక్క చేతుల మీద, మోకాళ్ల మీద నిలవాలి. పీలుస్తూ వీపు కిందికి, వదులుతూ పైకి. 8 సార్లు.
4. భుజంగాసనం: బోర్లా పడుకొని పాము పడగ లెక్క ఛాతీ లేపాలి. బొడ్డు నేలకే ఉండాలి. మెడ వెనక్కి విరవొద్దు. 3 సార్లు.
5. వజ్రాసనం: మోకాళ్లు మడిచి మడమల మీద కూర్చోవాలి. మోకాలు లాగితే పిరుదుల కింద దుప్పటి మడిచి పెట్టాలి. 10 శ్వాసలు.
6. శవాసనం: వెల్లకిలా పడుకొని కళ్లు మూసుకోవాలి. 3 నిమిషాలు. దీన్ని వదలొద్దు.

రెండు వారాలు ఇవే చేయాలి. ఆ తర్వాత ఒక్కో సూర్య నమస్కారం కలపాలి. శీర్షాసనం మాత్రం నేర్పేవారు లేకుండా వద్దేవద్దు. కండరం సాగినట్టు ఉంటే మంచిదే. కీలులో చురుక్కుమంటే అక్కడే ఆపాలి. మాట్లాడలేనంత ఆయాసం వస్తే కూర్చోవాలి.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

జ్వరం ఉన్నప్పుడు చేయొద్దు. సికిల్ సెల్ ఉన్నవారు, ఉబ్బసం ఉన్నవారు ముందుగా డాక్టరును అడగాలి. సికిల్ సెల్ ఉన్నవారు నీళ్లు బాగా తాగాలి, ఎండలో చేయొద్దు, అలసిపోయేదాకా చేయొద్దు. నెలసరి రోజుల్లో ఒంట్లో బాగుంటే తేలికైనవి చేయొచ్చు, లేకపోతే పడుకోవాలి. అందులో తప్పేమీ లేదు.

ఇంకొక ముఖ్యమైన మాట. యోగా చేస్తే రక్తం పడుతుందని కొందరు ఐరన్ మాత్ర కిటికీలోంచి పారేస్తున్నారు. నేను చూసిన. అది చాలా తప్పు. వారానికొకసారి ఇచ్చే నీలం రంగు మాత్ర అన్నం తిన్నాక వేసుకోవాలి. ఆకుకూర, పప్పు, గుడ్డు తినాలి. ప్రార్థనలో కళ్లు తిరిగి పడే పిల్లకు కావలసింది ముందు తిండి, మాత్ర. ఆసనం తర్వాత.

అమ్మ చెప్పిన పాఠం

వేసవి సెలవుల్లో మేము తునికాకు కోతకు పోతాం. కట్టకు 50 ఆకులు. అమ్మ పొద్దున్నే అడవికి పోయి వంగి కోసి, ఇంటికొచ్చి కూర్చొని కట్టలు కడుతుంది. రాత్రికి నడుము పట్టేస్తుంది. నేను గొప్పగా మార్జాలాసనం చూపించిన. అమ్మ నవ్వి, "పొద్దంతా వంగింది చాలదా బిడ్డా, ఇంకా వంగమంటవా?" అన్నది. నాకు జవాబు రాలేదు. అప్పుడు శవాసనం వేయమన్న. నులక మంచం దింపి చాప మీద పడుకోబెట్టిన. రెండు నిమిషాల్లో నిద్రపోయింది. ఆ రోజు మిగతా కట్టలు నేనే కట్టిన.

నాకు అర్థమైంది ఏమిటంటే, పని చేసిన ఒంటికి విశ్రాంతి కావాలి. కూర్చున్న ఒంటికి కదలిక కావాలి. మనం తరగతిలో, స్టడీ అవర్లో పొద్దంతా కూర్చునే ఉంటాం. కాబట్టి ఈ పది నిమిషాలు మనకే ఎక్కువ అవసరం.

వార్డెన్ మేడం గారికి మనవి

పొద్దున స్టడీ అవరుకు ముందు పది నిమిషాలు వరండాలో మాకు అనుమతి ఇవ్వగలరు. చాపలు మేమే ఊడ్చి, పరిచి, చుట్టి పెడతాం. మీరు కూడా వచ్చి మాతో చేస్తే మాకు ఇంకా సంతోషం.

పిల్లలారా, పక్క మంచం పిల్లను చూసి చేయకండి. నిన్నటి మిమ్మల్ని చూసుకొని చేయండి. నాకు పద్మాసనం ఈ రోజుకూ రాదు. కానీ రోజూ వరండాలో కూర్చుంటున్నాను.

ఇట్లు
9వ తరగతి విద్యార్థిని,
తిరుమలాయపాలెం