కరెంటు పోయినా పంట పోకూడదు
పురుగుల షెడ్డుకు బ్యాటరీ, ఇన్వర్టరు, జనరేటరు ఎంచుకునే విధానం



పట్టు పురుగు తన జీవితంలో తినే ఆకులో నూటికి 80 పాళ్ళకు పైగా ఐదో దశలోనే తింటుంది. ఆ దశ వారం రోజులు మాత్రమే. అప్పటికి గుడ్లకు, ఎరువుకు, కూలికి పెట్టవలసినదంతా పెట్టి ఉంటాము. సరిగ్గా అప్పుడే రాత్రిపూట కరెంటు పోయి ఫ్యాన్లు ఆగితే, షెడ్డులో వేడి, తేమ రెండూ పెరుగుతాయి. పడకలోని ఆకు, మలం పులుస్తాయి. పురుగులు మేత మాని ఫ్లాచరీ వ్యాధికి లోనవుతాయి. కోలారు, చిక్కబళ్ళాపురం, హోసూరు వైపు చాలా షెడ్లు ఊరికి దూరంగా, తోటలోనే ఉన్నాయి. కరెంటు పోయినప్పుడు ఏమి చేయాలో ముందే ఏర్పాటు ఉండాలి.

ముందు ఖర్చు లేని పనులు

ఏ యంత్రమూ గాలి రాని షెడ్డును బాగు చేయలేదు. కిటికీలు ఎదురెదురుగా ఉండాలి. వాటికి, తలుపులకు ఊజీ ఈగ దూరని సన్న వల బిగించాలి. వల లేకుంటే కరెంటు పోయినప్పుడు కిటికీ తెరవడానికే భయపడతాము. ఉక్కగా ఉన్నప్పుడు తడి ఆకు వేయరాదు. పడక పలుచగా ఉంచాలి. రేకుల షెడ్డయితే పైన కొబ్బరి మట్టలు గాని, చెరకు ఆకు గాని పరచాలి.

ఏ దశలో ఏది నడవాలి?

చాకీ దశ: పురుగుకు 27–28 సెం.గ్రే. వేడి, 85 శాతం తేమ కావాలి. దీనికి హీటరును ఇన్వర్టరు మీద నడపాలనుకోవద్దు. 1000 వాట్ల హీటరు 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీని దాదాపు గంటలోనే దించేస్తుంది. పారఫిన్ కాగితం, తడి స్పాంజి పట్టీలు, చిన్న గది, మూసిన తలుపులు ఆ పని కొంతవరకు చేస్తాయి. చాకీ కేంద్రం నుంచి రెండో జ్వరం దాటిన పురుగులు తెచ్చుకునే రైతులకు ఈ బాధ తక్కువ.

నాలుగు, ఐదు దశలు: 24–25 సెం.గ్రే. వేడి, 65 నుంచి 75 శాతం తేమ, గాలి కదలిక ముఖ్యం. ఫ్యాన్లు నడవాలి. అయితే గాలి నేరుగా పడక మీదికి కొట్టరాదు, ఆకు వాడిపోతుంది.

గూడు కట్టే సమయం: చంద్రికలకు ఎక్కిన పురుగులు చాలా నీరు విసర్జిస్తాయి. మొదటి రెండు రోజులు ఆ తేమ బయటికి పోకపోతే గూడు సరిగా చుట్టు విప్పదు. దారం తెగుతుంది, మార్కెట్టులో ధర పడిపోతుంది. బ్యాటరీలో మిగిలిన కరెంటు తక్కువగా ఉంటే, ఈ రెండు రోజులు లైట్లు తగ్గించి ఎగ్జాస్టు ఫ్యాను నడపండి.

ఎంత సామర్థ్యం కావాలి?

ముందు ఒక నెల రోజులు కరెంటు ఎప్పుడు పోయింది, ఎన్ని గంటలు లేదు అన్నది నోటు పుస్తకంలో రాసుకోండి. ఆ తరువాతే కొనండి. ఒక చిన్న షెడ్డుకు లెక్క ఇలా ఉంటుంది:

సీలింగు ఫ్యాన్లు 2 × 75 వాట్లు = 150
ఎగ్జాస్టు ఫ్యాను 1 × 50 వాట్లు = 50
ఎల్.ఇ.డి. బల్బులు 4 × 9 వాట్లు = 36
మొత్తం 236 వాట్లు

నాలుగు గంటలు నడవాలంటే 236 × 4 = 944 వాట్ అవర్లు. ఇన్వర్టరులో అయిదో వంతు నష్టం పోతుంది కనుక 0.8 తో భాగిస్తే 1180. బ్యాటరీని నూటికి 70 పాళ్ళకు మించి దించకూడదు కనుక 0.7 తో భాగిస్తే సుమారు 1686. దీనిని 12 వోల్టులతో భాగిస్తే 140 ఆంపియర్ అవర్లు. అంటే 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీ సరిపోతుంది. ఫ్యాన్లు స్టార్టయ్యేటప్పుడు ఎక్కువ కరెంటు లాగుతాయి కాబట్టి ఇన్వర్టరు 600–700 వి.ఎ. ఉండాలి. సైన్ వేవ్ రకం తీసుకోండి. చౌక రకాల మీద ఫ్యాన్లు మూలుగుతాయి, వేడెక్కుతాయి.

అవే ఫ్యాన్లను 30 వాట్ల బి.ఎల్.డి.సి. రకానికి మారిస్తే మొత్తం 146 వాట్లకు దిగుతుంది. అప్పుడు 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ చాలు. పెద్ద బ్యాటరీ కొనే ముందు ఫ్యాన్లు మార్చే ఖర్చును పక్కన పెట్టి చూడండి.

ఇంట్లో ఉన్న పాత ట్రాక్టరు బ్యాటరీని వాడదామని కొందరు అడుగుతుంటారు. అది ఇంజను స్టార్టు చేయడానికి క్షణంపాటు పెద్ద కరెంటు ఇచ్చే రకం. గంటల తరబడి దించితే త్వరగా చెడిపోతుంది. ఇన్వర్టరుకు ట్యూబులర్ బ్యాటరీయే సరైనది.

నిండటానికి సమయం ఉందా?

70 పాళ్ళు దిగిన 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీ, 15 ఆంపియర్ల చార్జింగు మీద మళ్ళీ నిండటానికి 8 నుంచి 10 గంటలు పడుతుంది. మీ షెడ్డు పంపుసెట్ల లైను మీద ఉండి, రోజుకు 6–7 గంటలే కరెంటు వస్తుంటే అది ఎన్నడూ పూర్తిగా నిండదు. అలాంటి చోట సౌర పలక జోడించుకోవడం మేలు. 300 వాట్ల పలక మంచి ఎండ రోజున సుమారు ఒక యూనిట్ ఇస్తుంది. ముసురు పట్టిన రోజుల్లో ఇందులో సగం కూడా రాకపోవచ్చు. పలక మీద చెట్ల నీడ పడకూడదు.

జనరేటరు ఎప్పుడు?

ఒకేసారి ఎనిమిది, పది గంటలు కరెంటు లేని ఊళ్ళకు చిన్న జనరేటరు అవసరం కావచ్చు. దానిని షెడ్డులోగాని, వరండాలోగాని ఉంచరాదు. పొగ పురుగుకే కాదు, లోపల పడుకున్న మనిషికీ ప్రాణాంతకం. గాలి వాలు చూసుకుని దూరంగా, ఆరుబయట పెట్టాలి. చేంజోవర్ స్విచ్చి తప్పనిసరి. అది లేకుండా కలిపితే మీ కరెంటు తిరిగి లైనులోకి పోయి, స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం తీస్తుంది.

తప్పక గమనించవలసినవి

1. బ్యాటరీని పురుగుల గదిలో పెట్టవద్దు. చార్జింగులో మండే వాయువు వెలువడుతుంది. గాలి ఆడే పక్క గదిలో ఉంచి, దాని దగ్గర బీడీ, అగ్గిపుల్ల వెలిగించరాదు.
2. బ్లీచింగు పౌడరు ద్రావణం చల్లేటప్పుడు మెయిన్ ఆపి, ఫ్యాన్లు, స్విచ్చులు ప్లాస్టిక్కుతో కప్పాలి. క్లోరిన్ తీగలను, లోహపు భాగాలను తినేస్తుంది.
3. ఫ్యాను ఆగి దోమలు కుడుతున్నాయని షెడ్డులో దోమల చుట్టలు, మ్యాట్లు, లిక్విడు వాడవద్దు. వాటిలోని మందు పట్టు పురుగును చంపేస్తుంది. కాపలా పడుకునేవారు దోమతెర కట్టుకోవాలి.
4. కిరోసిన్ దీపం బదులు చార్జింగు ఎల్.ఇ.డి. లైటు ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంచాలి. పండు పురుగులు ఏరడానికి అది చాలు.
5. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. బావి నీరు, బోరు నీరు పనికిరాదు.
6. రెండు పంటల మధ్య బ్యాటరీని దిగిన స్థితిలో వదలవద్దు. నెలకొకసారైనా పూర్తిగా చార్జి చేయాలి.

పంటకు ముందు పరీక్ష

గుడ్లకు గాని, చాకీకి గాని ఆర్డరిచ్చే ముందు ఒక రాత్రి మెయిన్ ఆపి, అన్ని ఫ్యాన్లు, లైట్లు బ్యాటరీ మీద వేసి ఎన్ని గంటలు నడిచాయో చూడండి. లెక్క ప్రకారం నాలుగు గంటలు రావలసింది రెండు గంటలకే ఆగితే బ్యాటరీ అయినా ముసలిదై ఉండాలి, చార్జింగు అయినా చాలక ఉండాలి. అది పురుగు లేని రోజున తెలియడమే మంచిది. ఐదో దశ నాలుగో రాత్రి తెలిస్తే చేయగలిగేది ఏమీ ఉండదు.

మీ షెడ్డు కొలతలు, ఫ్యాన్ల సంఖ్య, కరెంటు పోయిన గంటల పట్టిక తీసుకుని సమీపంలోని పట్టు పరిశ్రమ శాఖ సాంకేతిక సేవా కేంద్రానికి రండి. మీ లెక్క మీ ఎదుటే వేసి చూపుతాము.