విద్యుత్ వృత్తికి తొలి మెట్టు

ప్రశ్న: మా అబ్బాయి పదవ తరగతి ఉత్తీర్ణుడైనాడు, ఎలక్ట్రీషియన్ కాగోరుచున్నాడు. మార్గమేది?

జవాబు: ఆర్యా, మీ కుమారుడు మొదట ఐ.టి.ఐ.లో 2 సంవత్సరముల ఎలక్ట్రీషియన్ శిక్షణ ముగించి, పిమ్మట 1961 నాటి అప్రెంటిసు చట్టము ననుసరించి ఏదేని కర్మాగారమునందో విద్యుత్ పంపిణీ సంస్థయందో నెలసరి భృతితో అభ్యాసమునకు చేరుట ఉత్తమము. పుస్తకమున చదివిన ఓమ్ సూత్రమునకు అర్థము, మెయిను ఆపి, ఫ్యూజు తీసి తన జేబులో నుంచుకొని, టెస్టు ల్యాంపుతో పరీక్షించిన పిదపనే తీగను తాకెడి అనుభవజ్ఞుడగు మేస్త్రీ చెంత నిలిచిననాడు గాని బోధపడదు. మన ఇండ్లలోని 230 వోల్టుల విద్యుత్తు ప్రాణము తీయజాలినది. కావున ఎర్తింగు విషయమున అలసత్వము చూపువాని యొద్ద, భృతి యెంత యధికమైనను, బిడ్డను చేర్పవలదని నా మనవి. అభ్యాసాంతమున పరీక్ష నెగ్గి జాతీయ యోగ్యతాపత్రము పొందవలెను. ఇండ్ల వైరింగు పని చేపట్టదలచినచో రాష్ట్రప్రభుత్వమిచ్చు వైర్‌మన్ పర్మిట్టును గూడ సంపాదింపవలెను.