కొట్టి చెప్పమనకండి
బిడ్డను ఒకటో తరగతిలో చేర్చిన నాడు "కొట్టయినా సరే, నాలుగక్షరాలు నేర్పండి మాస్టారూ" అని చెప్పి వస్తున్నారా? మీ ప్రక్కనే నిలబడి బిడ్డ ఆ మాట వింటున్నది.

శారీరక శిక్షనూ, మానసిక వేధింపునూ 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను నిషేధించింది. తల్లిదండ్రులను క్రమంగా కలుసుకొని బిడ్డ హాజరు, నేర్చుకొనే శక్తి, ప్రగతి తెలియజేయడం ఉపాధ్యాయుల విధి అని 24వ సెక్షను చెబుతున్నది. కనుక ఆ సమావేశానికి తప్పక వెళ్ళండి. మార్కులు మాత్రమే అడిగి రాకండి. "మా బిడ్డ వేళకు వస్తున్నదా? అర్థం కానిది అడుగుతున్నదా? ఎవరితో ఆడుకొంటున్నది?" అని తెలుసుకోండి.

ఇంటివద్ద రాత్రే పుస్తకాల సంచి సర్దించండి, పెందలాడే నిద్రపుచ్చండి. బడి అంటే భయం లేని బిడ్డకు చదువు తేలికగా వంటబడుతుంది.