జకార్డు మీద కాలయంత్రం

ముడిసరుకు ఉచితం. హెచ్.జి. వెల్స్ ‘ది టైమ్ మెషీన్’ నవల 1895లో అచ్చయింది, ఆయన 1946లో పోయారు. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లపాటు హక్కులుంటాయి కనక, 2007 జనవరి 1 నుంచి ఈ దేశంలో ఎవరైనా ఆ కథను తెరకెక్కించుకోవచ్చు. ఒక్కటే జాగ్రత్త. తెలుగు అనువాదం దగ్గర పెట్టుకుని పని చేస్తే అనువాదకుడి హక్కు వేరే ఉంటుంది. ఇంగ్లిషు మూలాన్నే ముందు పెట్టుకోవాలి.

మనం తీసేది 25 నిమిషాల చిత్రం, సోలాపూర్ పూర్వభాగంలో, అశోక్ చౌక్ చుట్టుపక్కల పద్మశాలీల సాంచాల, అంటే మరమగ్గాల, కార్ఖానాల మధ్య. స్క్రీన్‌ప్లేలో పేజీకి నిమిషం అన్నది పాత లెక్క, అంటే చేతిలో ఉన్నది 25 పేజీలు. నవలలో ముప్పై వేల పైచిలుకు మాటలున్నాయి. విందుకొచ్చిన అతిథులు ముందు పోతారు, తరవాత పచ్చ పింగాణీ భవనం పోతుంది. చివర్లో ఎర్రసూర్యుడి కింద సముద్రతీరం నవలలోకెల్లా గొప్ప ఘట్టం, అదీ పోతుంది. మిగిలేవి నాలుగు: యంత్రం, వీనా అనే పిల్ల, భూమ్మీది ఎలోయ్‌లు, నేల కింది మోర్లాక్‌లు.

తరవాతి పని ప్రేమను పెంచడం. నవలలో అది మొలక దగ్గరే ఆగిపోతుంది. నీళ్లలో కొట్టుకుపోతున్న వీనాను కాలయాత్రికుడు ఒడ్డుకు లాగుతాడు, ఆమె పూలు తెచ్చి అతని జేబులో పెడుతుంది, అంతే. దీన్ని ముగ్గురు దర్శకులు మూడు రకాలుగా పెంచారు. 1960లో జార్జ్ పాల్ వీనానే నాయికను చేసి, హీరోను మళ్లీ ఆమె కాలానికే పంపాడు. 2002లో వెల్స్ మునిమనవడు సైమన్ వెల్స్, హీరోకు ఎమ్మా అనే కాబోయే భార్యను ఇచ్చి, చంపి, ఆమెను బతికించుకోవడానికే యంత్రం కట్టించాడు. మన సింగీతం శ్రీనివాసరావు 1991లో ‘ఆదిత్య 369’ కోసం వెల్స్ నుంచి యంత్రం ఊహను మాత్రం పట్టుకుని, ఎలోయ్‌లనూ మోర్లాక్‌లనూ వదిలేశారు. ప్రేమికులిద్దరినీ కలిపి యంత్రంలో కూర్చోబెట్టి 1526లో కృష్ణదేవరాయల కాలానికీ, అక్కణ్నుంచి 2504కీ పంపారు. ముగ్గురిలో ఈయన లెక్కే నాకు నచ్చుతుంది. ప్రేమ యంత్రం బయట ఉంటే హీరో మాటిమాటికీ కారణం వెతుక్కోవాలి. లోపలుంటే ఆ బాధ లేదు.

కానీ సింగీతం వదిలేసినదే మనకు కావాలి. నవలలో ఒక చిన్న మాట ఉంది. పైన ఆడుతూ పాడుతూ తిరిగే ఎలోయ్‌లకు బట్టలు తయారుచేసేది కింద చీకట్లో ఉన్న మోర్లాక్‌లేనని యాత్రికుడు ఊహిస్తాడు. అంటే ఆ కథలో రాక్షసులు నేతగాళ్లు. చద్దర్లు, టవళ్లు నేసే ఈ పేటలో ఆ కథను ఉన్నదున్నట్టు తీస్తే చూసేవాళ్లు ఎవరి పక్షాన కూర్చోవాలి? కాబట్టి కెమెరా మొదట నేల కిందికే దిగుతుంది. హీరో సాంచాలు బాగుచేసే జాబర్. భవిష్యత్తులో అతను తేలేది మగ్గాల మధ్య, తోటలో కాదు. తన చీర ఎవరు నేశారో ఎన్నడూ చూడని పైలోకం పిల్ల ఒకరోజు మెట్లు దిగి వస్తుంది. ఆమె పేరు వీణ. ఏటి దగ్గరి ప్రమాదం బదులు కార్ఖానా ప్రమాదం వస్తుంది: నాడె, అంటే పేకనూలు మోస్తూ పడుగు మధ్య అటూ ఇటూ పరుగెత్తే చెక్క, దారి తప్పి ఎగిరి ఆమె వైపు దూసుకొస్తుంది. అతను సాంచా ఆపుతాడు.

యంత్రం కొత్తగా కట్టనక్కర్లేదు, ప్రతి జకార్డు సాంచా నెత్తినా ఒకటుంది. చిల్లులు పొడిచిన అట్టలను దారంతో గొలుసులా కుట్టి పైన వేస్తారు. ఒక్కో పేకపోగుకు ఒక్కో అట్ట తిరుగుతుంది, ఏ పడుగుపోగులు పైకి లేవాలో దానిమీది చిల్లులు చెబుతాయి. ఫ్రాన్సులో జకార్ 1804లో తెచ్చిన పద్ధతి ఇది. దీన్ని చూసే బాబేజ్ తన లెక్కల యంత్రానికి అట్టలు పెట్టాలనుకున్నాడు. మన కథలో అట్టకు ఒక ఏడాది. సాంచా నిమిషానికి 120 పోగులు వేస్తుందనుకుంటే, 2025 నుంచి 1930కి వెళ్లడానికి 95 అట్టలు, 47 సెకన్లు. సింగీతం గారి 2504కు 479 అట్టలు, నాలుగు నిమిషాలు. వెల్స్ చెప్పిన 8,02,701వ సంవత్సరం చేరాలంటే సాంచాను ఆపకుండా నాలుగు రోజుల పదిహేను గంటలు ఆడించాలి. గమ్యం 2504కు కుదించడానికి ఇంతకన్నా మంచి కారణం దొరకదు.

ఇక రాత. సాంచాలు ఆడుతున్న షెడ్డులో పక్కవాడి మాట వినపడదు, సైగలతోనే పని నడుస్తుంది. అందుకే ప్రేమ సన్నివేశాల్లో సంభాషణ రాయకూడదు. పోగు తెగిందని చెప్పే సైగ, కండె, అంటే నాడెలో ఉండే నూలుచుట్ట, అయిపోయిందని చెప్పే సైగ, టీకి పోదామా అని అడిగే సైగ. ఈ మూడూ వీణ ఒక్కొక్కటే నేర్చుకుంటుంది. నాలుగోది తనే కల్పిస్తుంది, దాని అర్థం స్క్రిప్టులో రాయం. మాటలుండేది కరెంటు పోయిన రెండు సన్నివేశాల్లోనే. వెల్స్ యాత్రికుడు సాక్ష్యంగా తెచ్చేది ఎవరూ గుర్తుపట్టలేని రెండు తెల్లపూలు. వాటిని అలాగే ఉంచుతాం, కానీ ఖాళీ అయిన కండెల మీద మిగిలిన నూలుతో చేస్తాం. చేతిపని ఎరగని పిల్ల మొదటిసారి చేసిన వస్తువు గనక కాస్త వంకరగా ఉండాలి. కళాదర్శకుడు దాన్ని సరిచేయబోతే చెయ్యి పట్టుకోవాలి.

స్క్రిప్టు పూర్తయ్యాక కాపీరైట్ కార్యాలయంలో సాహిత్య రచనగా నమోదు చేయిస్తాం. రుసుము 500 రూపాయలు.

చిత్రీకరణలో అసలు ఖర్చు నిశ్శబ్దానికి. మాటల సన్నివేశం కోసం సాంచా ఒక గంట ఆపితే 7,200 పేకపోగులు ఆగుతాయి. అంగుళానికి 40 పోగుల లెక్కన అది 180 అంగుళాలు, 90 అంగుళాల చద్దర్లు రెండు. కూలి నేసినదాన్నిబట్టి వచ్చే మనిషికి ఆ రెండు చద్దర్ల కూలి ముందే చేతిలో పెట్టాలి. ఇది బడ్జెట్‌లో మొదటి పద్దు కావాలి. వేసవిలో సోలాపూర్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, రేకుల షెడ్డులో ఇంకా ఎక్కువ. చాలా కెమెరాలు 40 డిగ్రీల దాకానే పనిచేస్తాయని వాటి పుస్తకాల్లోనే రాసి ఉంటుంది. డిసెంబరు, జనవరి మంచి నెలలు. మన కరెంటు 50 హెర్ట్జ్, పాత ట్యూబులైట్లు సెకనుకు వందసార్లు మినుకుతాయి. కంటికి కనపడకపోయినా కెమెరా పట్టేస్తుంది. సెకనుకు 25 ఫ్రేములు, సెకనులో యాభయ్యో వంతు షట్టర్ పెడితే ఆ మినుకు బొమ్మలో పడదు.

కాలం వెనక్కి నడిచే ఘట్టం మీద ఎంత శ్రమపడ్డా తప్పులేదు. జార్జ్ పాల్ సినిమాలో యాత్రికుడి కిటికీకి ఎదురుగా బట్టల దుకాణంలో ఒక బొమ్మ ఉంటుంది. దాని దుస్తులు మారుతుంటే ఏళ్లు గడిచిపోతాయి. ఆ చిత్రానికి స్పెషల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. మన దగ్గర బట్టే ఉంది. నిమిషానికి మూడు అంగుళాల చొప్పున చద్దరు పూర్తవడానికి అరగంట. కెమెరాను కదలకుండా బిగించి మూడు సెకన్లకొక ఫ్రేము తీస్తే 600 ఫ్రేములు, తెరమీద 24 సెకన్లు. దాన్ని తిరగేస్తే నేసిన పువ్వులు ఒక్కో వరుసా ఊడి, పడుగు ఖాళీ అవుతుంది. ఇందులో ఒక చమత్కారం ఉంది. మూడు సెకన్లలో సాంచా సరిగ్గా ఆరు పోగులు వేస్తుంది గనక ప్రతి ఫ్రేములోనూ పన్నె, అంటే పోగును తోసి బిగించే దువ్వెన, ఒకేచోట దొరుకుతుంది. సాంచా ఆగిపోయినట్టుంటుంది, బట్ట మాత్రం నడుస్తుంది. మోటారు వేగం కాస్త తేడా వస్తే పన్నె మెల్లగా జరుగుతుంది. అలా జరిగిన టేకే బాగుంటుందని నా అనుమానం. కండె మార్చడానికి ఆపిన ప్రతిసారీ కెమెరానూ ఆపాలి.

1930 దగ్గర యంత్రం ఒక్కసారి ఆగుతుంది. ఆ మే నెలలో సోలాపూర్ మార్షల్ లా కింద ఉంది. వీధి సెట్టుకు డబ్బుల్లేవు, కాబట్టి పాతకాలాన్ని చెవికే చూపిస్తాం: మిల్లు భోంగా, అంటే సైరన్, దానివెనక బూట్ల చప్పుడు, మూసిన తలుపు. నలభై సెకన్లు చాలు.

కూర్పులో సాంచా చప్పుడే తాళం. సెకనుకు రెండు దెబ్బలు, దెబ్బకు పన్నెండున్నర ఫ్రేములు. పన్నెండు దగ్గరొకసారి, పదమూడు దగ్గరొకసారి కత్తిరిస్తే చెవికి తేడా తెలియదు. మాటలు తరవాత డబ్బింగులో, పేటలో పెరిగిన గొంతులతో, మరాఠీ కలిసిన సోలాపూర్ తెలుగులోనే చెప్పించాలి. హైదరాబాదు గొంతు తెస్తే మొదటి వాక్యానికే పేట నవ్వుతుంది. కింద మరాఠీ సబ్‌టైటిళ్లు, రెండు వరుసలు మించకుండా.

థియేటరుకు ఇచ్చే కాపీ సెకనుకు 24 ఫ్రేములది. 25ను 24కు దించితే పాతిక నిమిషాల చిత్రం మరో 62 సెకన్లు సాగుతుంది, సాంచా నిమిషానికి 115 దగ్గరకు వస్తుంది. ధ్వని శ్రుతిని విడిగా సరిచేయాలి, లేకపోతే జాబర్లు పట్టేస్తారు. సినిమాగా కాపీరైట్ నమోదుకు 5,000 రూపాయలు. టిక్కెట్టు పెట్టి హాల్లో ఆడించాలంటే సెన్సారు సర్టిఫికెట్ కావాలి. దరఖాస్తులో మూలకథ గడిలో వెల్స్ పేరు రాస్తాం.