వైకల్య ధ్రువపత్రము: దరఖాస్తు, అప్పీలు

తెలంగాణ జిల్లాలనుండి సూరతు నగరమునకు వలసవచ్చి, లింబాయత్ మొదలగు పేటలలో స్థిరపడిన తెలుగు నేతపనివారు పెక్కుమంది కలరు. వారిలో ఒకనికి మరమగ్గముకడ ప్రమాదమువలన చేయి చెడినదనుకొందము. నివాసపత్రములో స్వగ్రామపు చిరునామాయే యున్నది. ధ్రువపత్రమునకై అతడు ఊరికి పోవలసినదేనా?

అక్కరలేదు. 2017 నాటి నియమముల ననుసరించి, నివాసపత్రములో చూపిన జిల్లాలోనేకాక, ఆ వైకల్యమునకు చికిత్స పొందిన ప్రభుత్వాసుపత్రిలోను దరఖాస్తు చేసికొనవచ్చును. కావున చికిత్స కాగితములను భద్రపరచుకొనవలెను. ఒకచోట నిచ్చిన పత్రము దేశమంతటను చెల్లును.

2016 నాటి చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించినది. పెక్కు సౌకర్యములకు కనీసము 40 శాతము వైకల్య ముండవలెను. కేంద్రప్రభుత్వపు పింఛనునకు మాత్రము 80 శాతము వైకల్యమును, దారిద్ర్యరేఖకు దిగువ నుండుటయు అవసరము. రాష్ట్రముల పింఛనులకు నిబంధనలు వేరు.

దరఖాస్తు త్రోసివేయబడినచో, కారణములను వ్రాతమూలకముగా తెలుపుట వైద్యాధికారుల విధి. నోటిమాట విని వెనుదిరుగరాదు. ఆ పత్రమును అడిగి తీసికొనవలెను. అప్పీలునకు అదియే ఆధారము.

తిరస్కారమైనను, శాతము తక్కువగా వేసినట్లు తోచినను, నిర్ణయము జరిగిన 90 దినములలోగా రాష్ట్రప్రభుత్వము నియమించిన అప్పీలు అధికారికి విన్నవించుకొనవచ్చును. అర్జీలో పూర్వవృత్తాంతమును, అభ్యంతరమునకు కారణములను క్లుప్తముగా వ్రాసి, ధ్రువపత్రము లేదా తిరస్కారపత్రము నకలు జతపరుపవలెను. మైనరుల పక్షమున సంరక్షకులు అర్జీ పెట్టవచ్చును. అర్జీదారుని వాదము వినిన పిదపనే అధికారి తీర్పు చెప్పవలెను.

అప్పీలు అధికారులను ధిక్కరించుట కాదు. అది చట్ట మొసగిన హక్కు. గడువు దాటకుండ దానిని వినియోగించుకొనుట మేలు.