గోయి త్రవ్వినవాని ధర్మము

మూసీనది దక్షిణతీరమున 1920వ సంవత్సరమున ప్రారంభింపబడిన ఉన్నతన్యాయస్థాన భవనమునకు నేను పోవు దారిలో నొక యిఱుకు సందు గలదు. కొన్ని మాసములక్రిందట ఆ సందులో నొకరు నీటిగొట్టముకొఱకు గోయి త్రవ్వించి, మూత వేయకయే విడిచిపోయిరి. వేకువజాముననే నమాజునకు బోవుచున్న యొక వృద్ధుడు చీకటిలో దానియందు పడి కాలు విఱుగగొట్టుకొనెను. త్రవ్వించినవాని నడుగగా, దీపము లేక నడచుట యాతని తప్పనియు, ఆ సందులో గోయి త్రవ్వరాదని యే శాసనమునను వ్రాసియుండలేదనియు బదులు చెప్పెను. శాసనమున పేరు పెట్టి చెప్పనిది శాసనమునకు లోబడదా? ఈ ప్రశ్నను యూదపండితులు మిక్కిలి శ్రద్ధతో విచారించిరి. వారి మార్గమును చదువరులకు నివేదించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము. ఆ మతము మనకు కేవలము దూరమైనది కాదు. గుంటూరుజిల్లాలోని కొత్తరెడ్డిపాలెమున బెనె ఎఫ్రాయీ మను తెలుగు సమాజము యూదాచారముల ననుసరించుచున్నది.

నిర్గమకాండము 21వ అధ్యాయమున నొక విధి గలదు. ఒకడు గోయి త్రవ్వి కప్పక విడువగా, దానిలో ఎద్దుగాని గాడిదగాని పడి చచ్చినచో, గోయి యజమానుడు ఆ పశువు వెలను చెల్లింపవలయును. ఇందు చెప్పబడినవి ఎద్దు, గాడిద మాత్రమే. మఱి గొఱ్ఱె పడినచో నేమి? గోయికి బదులు వీథిలో రాయి పెట్టినచో నేమి?

క్రీస్తుశకము 200 ప్రాంతమున రబ్బీ యూదా హనాసీ కూర్చిన మిష్నా యను ధర్మసంగ్రహమున మొదటి ప్రశ్నకు సమాధానము గలదు. ఎద్దును గాడిదను చెప్పుట లోకమున సాధారణముగా జరుగుదానిని చెప్పుటయే కాని, తక్కిన జంతువులను త్రోసివేయుట కాదు. కళ్లమున నూర్చుచున్న యెద్దు మూతికి చిక్కము కట్టరాదను విధికిని ఇదియే వ్యాఖ్యానము. ఏ పశువు నూర్చినను దాని నోరు కట్టరాదు.

రెండవ ప్రశ్నకు వారు వేఱొక యుపాయమును కనుగొనిరి. శాసనమునందలి నష్టహేతువులను నాలుగు మూలములుగా విభజించిరి: ఎద్దు, గోయి, పైరు మేయుట, అగ్ని. పశువునకు ప్రాణ మున్నది, అగ్నికి లేదు. అగ్ని ప్రాకిపోవును, గోయి కదలదు. ఇట్లు దేని గుణము దానిదే యయినను, నాల్గింటికిని సమానమైన ధర్మ మొకటి గలదు: నష్టము కలిగించుట వాని స్వభావము, వానిని కాచుకొనుట నీ బాధ్యత. ఈ సామాన్యధర్మ మెందున్నదో అందెల్ల పరిహార మున్నది. కనుక వీథిలో విడిచిన రాయియు గోయియొక్క సంతానమే. ఈ పద్ధతికి హెబ్రూ భాషలో బిన్యాన్ ఆవ్ అని పేరు. రబ్బీ ఇష్మాయేలు పేర వెలసిన పదుమూడు వ్యాఖ్యానసూత్రములలో నిది యొకటి.

మూడవ మార్గము, శాసనమే చెప్పిన హేతువును పట్టుకొనుట. అప్పునకు తిరుగటిని కుదువగా గైకొనరాదని ద్వితీయోపదేశకాండము విధించి, అట్లు చేయుట ప్రాణమును కుదువ పెట్టించుకొనుటయే యని కారణమును చెప్పినది. కావున అన్నము వండుకొనుటకు పనికివచ్చు ఏ పరికరమును గైకొనరాదని మిష్నా నిర్ణయించినది. పేదవాని పొయ్యిని రక్షించినది తిరుగటి యను పదము కాదు, దానివెనుకనున్న కారణము.

నాల్గవ దృష్టాంతము మఱియు హృదయంగమము. యజమానుడు దాసుని కన్ను పోగొట్టినను పన్ను రాల్చినను వానిని విడుదల చేయవలెనని శాసనము. కన్ను పుట్టుకతో వచ్చినది, పన్ను తరువాత మొలచినది. రెండును పైకి కనబడునవి, పోయిన మరల రానివి. కావున వ్రేళ్లు, చెవులు, ముక్కు మొదలగు ఇరువదినాలుగు అవయవాగ్రములలో నేది పోయినను దాసునకు విముక్తి కలదని తల్ముదు తీర్మానించినది.

ఐనను ఈ పండితులు పదమును సాగదీయుటయే పనిగా పెట్టుకొన్నవారు కారు. సామాన్యవాక్యము వెంటనే విశేషము చెప్పబడినచో, ఆ విశేషమే గ్రాహ్య మని వారి సూత్రము. గోయి విషయముననే, పడి పగిలిన సామగ్రికి పరిహారము లేదనియు, మనుష్యుడు గాయపడినచో కలదు కాని చచ్చినచో లేదనియు మితము గావించిరి. తక్కువదానికి వర్తించినది ఎక్కువదానికి వర్తింపదా యను తర్కమునకును హద్దు పెట్టిరి. తండ్రి కోపమునకు ఏడుదినముల అవమాన మైనచో, దేవుని కోపమునకు పదునాలుగు దినములు రావలసినదే కదా. కాని మిర్యాము విషయమున నేడే చాలినవి. మూలమున నున్నంతకు మించి అనుమానమున రారాదని వారి భావము.

మన శాస్త్రములును ఈ దారినే త్రొక్కినవి. పెరుగును కాకులనుండి కాపాడుమని చెప్పిన తల్లి, పిల్లి వచ్చి త్రాగిన నూరకుండుమని చెప్పలేదు కదా! దీనినే మనవా రుపలక్షణ మందురు. కఱ్ఱను ఎలుక తినెనని విన్నవాడు దానికి వ్రేలాడిన అప్పములగతిని అడుగనక్కఱలేదను దండాపూపన్యాయము పై తర్కమునకు సహోదరము. ఒక పాత్రను తుడువుమని ఏకవచనమున చెప్పినను యజ్ఞపాత్రల నన్నింటిని తుడువవలెనని మీమాంసకుల సిద్ధాంతము. ఆ మీమాంసాపద్ధతినే అనుసరించి విజ్ఞానేశ్వరుడు, ఆఱవ విక్రమాదిత్యుని (1076–1126) కాలమున కల్యాణనగరమునందు మితాక్షరను రచించెను. ఆ నగరము 1956 వఱకు హైదరాబాదు రాజ్యములోనిదే. 1876లో నగరమున వెలసిన జామియా నిజామియావంటి విద్యాలయములలో బోధింపబడు కియాసు గూడ ఇట్టిదే. ద్రాక్షమద్యమును నిషేధించుటకు మత్తు హేతువని గుర్తించి, మత్తు గొల్పు ఇతరద్రవ్యములకును నిషేధమును వర్తింపజేయుట అందలి ప్రసిద్ధోదాహరణము.

ఈ చర్చ పండితుల వినోదము కాదు. ఆపదలయందు స్త్రీకి పునర్వివాహమును పరాశరస్మృతి యనుమతించినదని ఈశ్వరచంద్ర విద్యాసాగరులు 1855లో ప్రకటించినప్పుడు, అది వాగ్దత్తయైన కన్యకు మాత్రమే యని ప్రతిపక్షులు కుదించిరి. 1856లో చట్టము వచ్చినది. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహమును జరిపించిరి. ఒక పదమును విరివిగా చదువుటయా, ఇఱుకుగా చదువుటయా యనుదానిపై నెందఱో బాలికల బ్రతుకు లాధారపడియుండెను.

విరివి యెప్పుడును మేలు, ఇఱుకు కీడు అని తలపరాదు. తల్లిదండ్రుల మాట వినని కొడుకును చంపుడని ద్వితీయోపదేశకాండము విధింపగా, రబ్బీలు దానికి నిబంధనపై నిబంధన చేర్చి, అట్టి కొడుకు లోకమున పుట్టలేదు, పుట్టబోడని కొందఱు చెప్పువఱకు కుదించిరి. దయను విధించు వాక్యమును విప్పిరి, ప్రాణమును తీయు వాక్యమును ముడిచిరి. కాని రెండుచోట్లను హేతువు చూపి, ఒకరి మాట నొకరు ఖండించుకొని, ఆ ఖండనలను గూడ దాచక వ్రాసియుంచిరి. ఇచ్చవచ్చినట్లు అర్థము చెప్పుటకును ధర్మవ్యాఖ్యానమునకును భేద మిదియే.

ఇక మా సందులోని గోయి. చీకటిలో నడచుట వృద్ధుని తప్పను వాదమునకు తల్ముదులో నెన్నడో సమాధానము గలదు. తెలివిగల యెద్దు పట్టపగలు పడినచో త్రవ్వినవానికి బాధ్యత లేదు. గ్రుడ్డిదైనను, రాత్రివేళ నడచునదైనను బాధ్యత గలదు. ఏలయన, చూడలేనివాని కొఱకే కదా మూత! ఆ మాటను త్రవ్వించినవానికి విన్నవించితిని. ఆయన యేమియు ననలేదు గాని, మఱునాటి యుదయమున గోతిపై రాతిపలక యుండెను. వైద్యవ్యయము నడుగుటకు ఆ వృద్ధుని పక్షమున విజ్ఞాపనము వ్రాయుచున్నాను.