పనికి ముందు ఒడంబడిక

విద్యార్థులారా! చదువు ముగిసిన పిదప మీలో కొందరు నెలజీతమునకు కొలువు చేయుదురు. మఱికొందరు ఎవరి కొలువునందును నిలువక భాషాంతరీకరణము, చిత్రలేఖనము, కంప్యూటరు పని మున్నగువానిని పలువురకు చేసియిచ్చి జీవింతురు. కొలువువానికి జీతమును, పనివేళలును ముందుగనే యేర్పడి యుండును. స్వతంత్రముగా పనిచేయువాడు వానిని ప్రతి పనికిని తానే కుదుర్చుకొనవలయును. పని నేర్చుట యొక విద్య. పని కుదుర్చుకొనుట వేఱొక విద్య. ఈ రెండవదానిని నేను నష్టపడి నేర్చుకొంటిని.

నా యౌవనమున నొక వర్తకుడు 40 పుటల యాంగ్ల పుస్తకమును తెనుగు చేయుమని కోరెను. ప్రతిఫల మెంతయని యడుగుటకు నాకు మొగమాట మయ్యెను. "మీకు తక్కువ చేయుదుమా?" అని యాయన నవ్వెను. రాత్రులు మేలుకొని 20 దినములలో పని ముగించితిని. పిమ్మట ఆయన రెండుమారులు మార్పులు కోరెను. 12 పుటలు క్రొత్తగా చేర్చెను. తుదకు నేననుకొనినదానిలో మూడవవంతు చేతిలో పెట్టి, "ఇంతకంటె నిత్తునని నేనెప్పుడు చెప్పితిని?" అనెను. నిజమే, ఆయన చెప్పలేదు, నేనడుగలేదు.

1872వ సంవత్సరపు భారత ఒడంబడికల చట్టము ననుసరించి నోటిమాటతో జరిగిన ఒడంబడికయు చెల్లును. కాని తగవు పుట్టినప్పుడు నోటిమాటను రుజువు చేయుట కష్టము. కావున వ్రాతయే మేలు. ఒడంబడిక ఈమెయిలు మూలమున జరిగినదను కారణము చేతనే చెల్లకపోదని సమాచార సాంకేతిక చట్టమునకు 2008లో జరిగిన సవరణ తెలుపుచున్నది.

వ్రాతయందు నాలుగు విషయము లుండవలయును.

మొదటిది పని మేర. ఎన్ని పుటలు, ఎన్నిమారులు దిద్దియిచ్చుట, అదనపు పనికి వెల యెంత యను సంగతులు తేలవలెను.

రెండవది ప్రతిఫలము. మొత్త మెంత, సంచకార మెంత, మిగిలిన సొమ్ము ఏనాడు చెల్లింపవలెను? 2006వ సంవత్సరపు చట్టము క్రింద నమోదు చేసికొనిన సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లింపవలసిన సొమ్మునకు 45 దినములకు మించిన గడువు పనికిరాదు.

మూడవది కాలము. మనము పని ముగించు దినమే గాక, వారు మూలప్రతి నిచ్చు దినమును, తప్పులు తెలుపు దినమును వ్రాసికొనవలెను. పని నడుమ నిలిచిపోయినచో అంతవఱకు జరిగినదానికి ఏమి యిత్తురో యదియు వ్రాయవలెను.

నాల్గవది హక్కు. 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము ప్రకారము కొలువులో లేక స్వతంత్రముగా వ్రాసినవాడే తన రచనకు మొదటి హక్కుదారు. సంతకముతో కూడిన వ్రాత లేక ఆ హక్కు మఱియొకరికి బదిలీ కాదు. బదిలీ పత్రమున కాలము చెప్పనిచో అది ఐదేండ్లకే పరిమితము. ప్రతిఫల మిచ్చి తీయించుకొనిన ఛాయాచిత్రమునకు మాత్రము, వేఱు ఒడంబడిక లేనియెడల, తీయించుకొనినవాడే హక్కుదారు.

ఇక బేరము సంగతి. వెల తగ్గింపుమన్నచో కోపింపరాదు; వెంటనే తలయూపనురాదు. వెలతోపాటు పనియు తగ్గవలెను. పుటకు 100 రూపాయల వంతున 40 పుటలకు 4,000 రూపాయలు చెప్పితి మనుకొనుడు. తమయొద్ద 3,000 రూపాయలే కలవని వారు చెప్పినచో, "అట్లయిన 30 పుటలు చేసియిత్తును" అని మర్యాదగా బదులు చెప్పవచ్చును. ఇందు వారికి అవమానము లేదు, మనకు నష్టము లేదు.

తల్లిదండ్రులకు ఒక విన్నపము. 18 ఏండ్లు నిండనివారి యొడంబడిక చెల్లదని 1903లో ప్రివీ కౌన్సిలు తీర్పు చెప్పినది. కావున ఇంటనుండి చిన్నపనులు చేయు పిల్లల పక్షమున పెద్దలే మాటలాడుట మంచిది.

మూడేండ్లకు ఆ వర్తకుడే మరల నాయొద్దకు వచ్చెను. ఈమారు ఒక్క పుటలో షరతులు వ్రాసి ముందుంచితిని. ఆయన కోపగింపలేదు. నెమ్మదిగా చదివి, రెండు మాటలు దిద్ది, సంతకము చేసెను. సొమ్మును గడువునాటికే పంపెను. నాటినుండి మాకు స్నేహము కుదిరినది. అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు. పనికి ముందు నోరు విప్పి యడిగినవానికి పని ముగిసిన పిమ్మట నొచ్చుకొనవలసిన యవసరము అంతగా కలుగదు.